పొడుగు పెండ్లికొడుకు

"పిల్లోడు ఆరడుగులకు తగ్గకూడదప్పా. సన్నగా ఉండల్ల," అంది కెంపమ్మ.

రామచంద్రప్ప మనసులోనే ఉమ్మేశాడు. చింతామణిలో పాతికేళ్ళుగా సంబంధాలు కుదురుస్తున్నాడు. ఇలాంటి ముసలిదాన్ని చూడలేదు. బాగేపల్లి బస్సులోంచి దిగుతుంది. చంకలో గుడ్డసంచి, అందులో అట్టలూడిన పుస్తకాలు. మనవరాలి ఫోటో అడిగితే, "ముందు మేం ఇల్లు చూడల్ల, పిల్లోణ్ణి చూడల్ల. ఆమీదట మీరు మా పిల్లను చూద్దురు" అంటుంది. ఆచారమే కాబట్టి కాదనలేడు. ఒక్కతే మనవరాలు, రెండెకరాల మల్బరీ తోట అంది కాబట్టి వదులుకోనూ లేడు.

ఇప్పటికి నాలుగిళ్ళు తిప్పాడు. నలుగురూ నీలగిరి చెట్లలాంటి కుర్రాళ్ళు. నలుగురినీ గుండె స్కానింగ్ తీయించుకు రమ్మంది. రోషంకొద్దీ తీయించారు. ఏ గుండెకూ వంక లేదు. ఆ కాగితాలు రెండేసిసార్లు చదువుకుని, హాయిగా నవ్వి, "జాతకం కుదర్లేదప్పా" అనేసింది.

నాలుగు ఊళ్ళలో రామచంద్రప్ప మొహం చెల్లకుండా పోయింది. ఈ ఐదోదీ చెడితే ఇక ఎవరూ గడప తొక్కనివ్వరు.

ఐదోది దిబ్బూరహళ్ళిలో, పట్టుపురుగులు మేపే ఆంజనేయప్ప ఇల్లు. కొడుకు పురుషోత్తమ్ తల వంచి గుమ్మం దాటి వచ్చాడు.

ఉప్మా, కాఫీ అయ్యాయి. కెంపమ్మ పొలం అడగలేదు, ఉద్యోగం అడగలేదు.

"బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించు నాయనా."

బిగించాడు. వేలి కొన చిటికెనవేలు దాటి అవతలికి పొడుచుకొచ్చింది.

ముసలమ్మ మొహం మాడిపోయింది. లేచి, అతణ్ణి గోడకు నిలబెట్టి, చేతులు చాపించి, కొంగుతో కొలిచింది. ఎత్తుకంటే చేతుల బార ఎక్కువ.

"ఏమ్మా, పెండ్లికొడుకును చూస్తాండావా, సంతలో ఎద్దును బేరం చేస్తాండావా?" అన్నాడు ఆంజనేయప్ప.

"ఎద్దయితే పండ్లు చూసేదాన్నప్పా. నీ కొడుకు రక్తనాళాలు గట్టివి కావు."

పిల్లాడి తల్లి రామలక్ష్మమ్మ ఖాళీ కాఫీ గ్లాసులు ఠక్కున పెట్టింది. "నోటికొచ్చినట్ల మాట్లాడొద్దమ్మా!"

"గుడ్డకున్నట్లే నాళం గోడకూ అల్లిక ఉంటాది తల్లీ. ఆ అల్లికలో ఫైబ్రిలిన్ అని ఒక ప్రొటీను. అది పుట్టుకతోనే సరిగా లేకుంటే ఎముకలు సాగుతాయి. గుండెలోంచి వచ్చే పెద్ద నాళమూ సాగుతాది. సాగి సాగి ఒకనాడు చిరుగుతాది."

"యాడ చదివినావమ్మా ఈ డాక్టరీ? మూడో తరగతిలోనా?" రామచంద్రప్ప పళ్ళు నూరాడు.

కెంపమ్మ అతనివైపు చూడనే లేదు. "మీవాడిది పిరికి గుండె, పుచ్చు నాళం అంటాండా. కాదంటే గుండె స్కానింగ్ తీయించి రిపోర్టు తెండి. చేతకాకపోతే ఇంట్లో కూచోండి."

ఆంజనేయప్ప కళ్ళెర్రజేశాడు. "రేపే బెంగళూరుకు పోతా! ఆ కాగితం నీ మొహాన కొడతా!"

బస్టాపు దాకా రామచంద్రప్ప తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. కెంపమ్మ సంచి సర్దుకుంటూ ఒకే మాట అడిగింది.

"రేపు కచ్చితంగా పోతారంటావా అప్పా?"

"పోతారు. నిన్ను శపిస్తా పోతారు."

"పోనీలే," అంటూ బస్సెక్కింది. సిగ్గు లేని ముసలిది అనుకున్నాడు.

మూడోనాడు ఫోను. ఆంజనేయప్ప ఏడుస్తున్నాడు.

"పెద్ద నాళం ఉబ్బి ఉండాదంటప్పా. ఇంకొన్నాళ్ళయితే పగిలేదంట. ఆపరేషన్ చేస్తే గండం గడుస్తాదంట. ఆయమ్మ కాళ్ళు మొక్కుతానని చెప్పు. బిడ్డ కోలుకున్నాక, వాళ్ళు సరేనంటే, ఆ మనవరాలినే చేసుకుంటాం."

రామచంద్రప్ప ఆలస్యం చేయలేదు. ముసలిది మళ్ళీ జాతకం అనకముందే మాట గట్టి చేసుకోవాలి. మొదటిసారి ఆమె ఇల్లు వెతుక్కుంటూ బాగేపల్లి వెళ్ళాడు. ఒంటిగది ఇల్లు. తాళం వేసి ఉంది. పక్కింటి నేత్ర వాకిలి ఊడుస్తోంది.

"కెంపమ్మ లేదామ్మా? పోనీ, ఆమె మనవరాలైనా ఉండాదా?"

నేత్ర చీపురు పట్టుకునే అతణ్ణి ఎగాదిగా చూసింది.

"మనవరాలు యాడిదప్పా, ఉన్న ఒక్క కొడుకూ, ఆరడుగుల మనిషి, పెండ్లయినా కాకుండానే గుండెకాడ నాళం పగిలి చచ్చిపోతే, పదేండ్లుగా ఆయమ్మ ఒంటిదే కదా!"