ముప్పై ఒకటో నంబరు

ఇంటింటా కాపలాపెట్టెలు వచ్చాక తలుపులకే కాదు, పడకలకూ నంబర్లు పడ్డాయి. వర్ధనమ్మ ఇంట్లో పెట్టె రోజూ పొద్దున్నే చెబుతుంది: "ముప్పై ఒకటి. శేషు పడకలో లేడు."

శేషు ఆమె పెద్దకొడుకు. పోయి రెండేళ్లయింది.

చిన్నకోడలు ఆస్పత్రి నుంచి పసివాడితో వచ్చింది. ఉయ్యాలకి నంబరు వెయ్యడానికి మెకానిక్ జిలానీ వచ్చాడు.

"నంబర్లన్నీ నిండిపోయాయమ్మా. పెట్టెలో ఇంకో నంబర్ల మాడ్యూలు పట్టదు. ముప్పై ఒకటి తీసేద్దామా?"

"అదే నంబరు రెండిటికీ వెయ్యరాదూ?"

"వేస్తే పెట్టె రెండిటినీ పట్టించుకోదమ్మా. బాబు కిందపడ్డా అరవదు."

వర్ధనమ్మ శేషు ఖాళీ మంచం మీద దుప్పటి మడత పెట్టింది.

"మంచం వైరు ఊడదీసి ఉయ్యాలకి పెట్టు నాయనా. పేరు మాత్రం చెరపకు." కోడలి వైపు తిరిగింది. "బారసాలలో అదే పెడదామా అమ్మా?"

జిలానీ వైరు మార్చాక కోడలు బిడ్డని ఉయ్యాల్లో వేసింది.

"ముప్పై ఒకటి," అంది పెట్టె. "శేషు పడకలో ఉన్నాడు."