రెండు రేకుల పరీక్ష

“ఆ డబ్బా మూత తీశావంటే బావమరిదివని కూడా చూడను!” బ్రష్షు ఎత్తి పట్టుకుని అరిచాడు బావ.

“తీసేశాను. ఇప్పుడేం చేస్తావ్ బావా?” అన్నాడు బావమరిది తాపీగా.

ఇద్దరి మధ్యా బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది యాభై ఏళ్ల కారు. ముద్దుపేరు మహారాణి. ఎల్లుండే పాత కార్ల ఊరేగింపు. పోయినేడు సరిగ్గా ఆ ఊరేగింపులోనే, ఇంజిన్‌కి మెకానిక్ పూసిన రంగు మాడి గుప్పున పొగ లేచింది. ఎవరో పుణ్యాత్ముడు బకెట్టెడు నీళ్లు తెచ్చి కంగారులో బావ నెత్తిన గుమ్మరించాడు. మళ్లీ అలా జరిగితే మహారాణిని అమ్మేస్తానని బావ అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

బావ సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఎరుపంటే ప్రాణం.

“సందు చివర మందుల షాపు బోర్డు చూడు. నా ఎర్ర ఎనామిలే. పదిహేనేళ్లుగా ఎండలో మాడుతోంది. ఒక్క పెచ్చు ఊడిందా?”

“ఎండ వేరు, ఇంజిన్ వేడి వేరు. నేను తెచ్చింది ఇంజిన్ల కోసమే చేసిన రంగు. ఆరొందల డిగ్రీలకైనా చెక్కుచెదరదని డబ్బా మీదే రాసుంది.”

“రాతల సంగతి నాకు చెప్పకు. అలాంటివి రాసి బతికేవాణ్ణి నేను! అయినా అదేం రంగురా, బూడిదలో పొర్లిన గాడిదలా?”

బావమరిది ఎలక్ట్రీషియను. షాకులు అలవాటే కాబట్టి ఈ మాటకి చలించలేదు.

గొడవ విని అక్క, అంటే బావగారి భార్య, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“అరుపులెందుకు? రెండు రేకులు తీసుకుని చెరో రంగూ పూయండి. ఎండలో ఆరాక నా ఓవెన్‌లో గంటసేపు కాలుద్దాం. ఏది నిలిస్తే అది మహారాణికి. రెండూ నిలిస్తే మీ బావగారి ఎరుపే.”

మగవాళ్లిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. రంగు చేతులతో వంటింటి గడప కూడా తొక్కనివ్వని మనిషి, ఏకంగా ఓవెన్ ఇస్తానంటోంది!

“కానీ ఓవెన్ జోలికి మీరు రావద్దు. నేనే పెడతాను, నేనే తీస్తాను.”

సాయంత్రం రేకులు లోపలికి వెళ్లాయి. అక్క నాబ్ తిప్పింది. ఓవెన్ అద్దంలోంచి పసుప్పచ్చటి వెలుగు కనిపించింది. బావా బావమరుదులు గడప ఇవతల చెరో స్టూలు వేసుకుని, పరీక్ష ఫలితాలకి కూచున్నట్టు కూచున్నారు. అక్క బేకరీ నుంచి తెప్పించిన బిస్కెట్లు చేతికిచ్చింది.

“గంట కావస్తోంది. కాస్తయినా కమురు వాసన వచ్చిందా?” అన్నాడు బావ గర్వంగా.

“రానిది నా రంగు వల్ల బావా!”

“పక్కనే నాదీ ఉందిగా!”

అక్క దళసరి గుడ్డతో ట్రే పట్టుకొచ్చి కిటికీలో పెట్టింది. “చల్లారేదాకా ముట్టుకోకండి, చేతులు కాల్తాయి.”

బుద్ధిమంతుల్లా ఆగారు. తర్వాత బావ గోటితో గీకాడు, నాణెంతో గీకాడు. ఎరుపు నిగనిగలాడుతోంది. బూడిదరంగూ అలాగే ఉంది.

“రెండూ నిలిచాయి! అంటే ఎరుపే!” బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

బావమరిది మొహం చిన్నబోయింది. అయినా మనిషి మంచివాడు. “ఒప్పుకున్నాను బావా. గేట్లకి వేసే ఎనామిల్‌కి ఇంత దమ్ముందనుకోలేదు.”

ముగ్గురూ కారు దగ్గరికొచ్చాక బావ ఎర్ర డబ్బాలో బ్రష్షు ముంచి ఇంజిన్ మీదకి వంగాడు.

“ఆగండి!” అంది అక్క. “బూడిదరంగే వెయ్యండి.”

“అదేమిటి? నా రంగు ఓడిపోలేదుగా!”

“గెలవనూ లేదు. పొగ లేస్తే ఆ నీళ్లు ఈసారి పక్కన కూచునే నా నెత్తిన కూడా పడతాయి.”

“మరి పరీక్ష పెట్టావెందుకక్కా?” అన్నాడు బావమరిది బిక్కమొహంతో.

“ఆ ఓవెన్ వేడెక్కి నెల రోజులైంది, లోపల బల్బొక్కటే వెలుగుతుంది. ‘రేపొచ్చి చూస్తానక్కా’ అని రోజూ చెబుతున్నది నువ్వే కదరా, ఎలక్ట్రీషియనూ!”