సగం మాత్ర

“మూత్రంలో మళ్లీ రక్తం పడుతోంది. మాత్రలు సరిగ్గా వేశారా?” కుక్క పొత్తికడుపు నొక్కి చూస్తూ అడిగింది పశువుల డాక్టరమ్మ.

“ఒగ పూట కూడా తప్పలే మేడమ్. మా మారెక్కే చేత్తో తినిపిచ్చింది,” అన్నాడు గొర్రెల కాపరి వన్నూరప్ప. “మందకు ఇదే దిక్కు. ఇంగా గట్టి మందియ్యండి.”

అతని భార్య మారెక్క తాడు పట్టుకుని వెనక నిలబడింది.

“నీళ్లు బాగా తాగించండి. మూత్రం ఆపుకోనివ్వకండి. ఆపుకుంటే మళ్లీ తిరగబెడుతుంది.”

“దానికేం మేడమ్, యాడైనా పోసుకుంటాది,” అంది మారెక్క. “మేం ఆడోళ్లం సోలారు పలకల కింద గడ్డి పీకను పోతాం. పొదలన్నీ కొట్టేసినారు. చాటు లేదు. పొద్దు గూకేదాకా నీళ్లు తాగం.”

డాక్టరమ్మ చేతులు కుక్క మీంచి తీసేసింది.

“నీకూ మంటగా ఉందా అమ్మా?”

“ఉండాది. మాత్ర తుంచి సగం దానికేసి, సగం నేనేసుకుంటి.”

కుక్క తల నిమురుతున్న వన్నూరప్ప చెయ్యి ఆగిపోయింది. భార్య వైపు తిరిగాడు.

“అందుకేనా కుక్కకు నయం కాలేదు?”

“అందుకే,” అంది మారెక్క, తాడు చేతికి చుట్టుకుంటూ.