రెండో పేజీ

“పుస్తకం వద్దంకుల్. ఫోన్లోకి దిగిపోయింది. ఫ్రీ!”

ఆ అమ్మాయి అంత సంబరంగా చెప్పేసరికి జిరాక్స్ షాపాయన చేతిలోని కాగితాల కట్ట బల్ల మీద దబ్బున పడింది.

కాలేజీ గేటుకి ఎదురుగా అతని షాపు. రెండు మెషీన్లు, ఒక బైండింగ్ యంత్రం, ఒక మాసిన తెర. అసలు వ్యాపారం ఆ తెర వెనకే. ఖరీదైన కాలేజీ పుస్తకాలు అక్కడ దొంగ కాపీలుగా మారి, పాత న్యూస్‌పేపర్లు చుట్టుకుని పిల్లల సంచుల్లోకి వెళ్ళేవి.

ఒకసారి పబ్లిషర్ మనుషులు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చారు. కాలేజీ అంతా గేటు దగ్గర మూగి చూస్తుండగా అతన్ని జీపెక్కించారు. లెక్చరర్లు మేడ మీంచి చూశారు. ఎకనామిక్స్ మేడమ్ అయితే మొహం తిప్పుకుని లోపలికెళ్ళిపోయింది. జీపులోంచి అతనికి అది కనబడింది.

అప్పట్నుంచీ లెక్చరర్లెవరైనా గేటు దాటుతుంటే అతను బల్ల కిందికి వంగి ఏదో వెతుక్కుంటాడు. అక్కడ వెతకడానికి ఏమీ ఉండదు.

“ఎవరమ్మా ఫ్రీగా పెట్టింది?”

“మా ఎకనామిక్స్ మేడమ్. ఆవిడే రాశారు. ఇంక ఏ పుస్తకమూ కొనక్కర్లేదన్నారు.”

ఫోన్లో అట్ట మీద పేరు చూశాడు. ఒళ్ళు మండిపోయింది. పెట్టింది ఇంకొకరైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాడు. ఖరీదైన ఎకనామిక్స్ పుస్తకం దొంగ కాపీల మీదే షాపు అద్దె గడిచేది. అది పోతే షట్టర్ దించుకోవడమే.

షట్టర్ సగం లాగి రోడ్డు దాటాడు.

“ఏంటి గురూ, జీపు లేకుండానే వచ్చావ్?” అన్నాడు వాచ్‌మన్. అతను వినబడనట్టే లోపలికి నడిచాడు.

స్టాఫ్ రూమ్‌లో మేడమ్ పేపర్లు దిద్దుతోంది. పక్క టేబుల్ దగ్గర బట్టతల సారు టీ చల్లార్చుకుంటున్నాడు.

“మేడమ్!” గొంతు అతను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

మేడమ్ తలెత్తింది. మొహం పాలిపోయింది.

“మీకేం మేడమ్! నెల తిరిగేసరికి జీతం. మీ ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చుని తింటాడు. మాలాంటి వాళ్ళ నోట్లో మట్టి కొట్టడానికి మనసెలా ఒప్పింది మీకు?”

మేడమ్ పెన్ను కింద పెట్టింది.

బట్టతల సారు లేచాడు. “దొంగ కాపీలు అమ్ముకునేవాడివి, ఇక్కడికొచ్చి అరుస్తావా? మేడమ్, మీవారిది ఏదో పెద్ద బిజినెస్ అన్నారుగా! ఆయన్నొకసారి రమ్మనండి. వీడికి నాలుగు తగిలిస్తే సరి.”

పెద్ద బిజినెస్ అనే మాటకి షాపాయన నవ్వాడు. ఏడ్చినా అంతకంటే బాగుండేది.

మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి. “అక్కర్లేదు సార్,” అంది. తర్వాత షాపాయనతో, “పుస్తకం చూశారా?”

“అట్ట చూశా. చాలు.”

“రెండో పేజీ?”

అతను నేల చూపులు చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్ని పేజీలు తిప్పాడో లెక్కలేదు. ఒక్కటీ చదవలేదు. ఏడో క్లాసులో బడి మానేసినవాడికి పేజీ అంటే ఇంత ఇంకు, ఇంత కాగితం.

“చదవడం వస్తే కదా,” అన్నాడు బట్టతల సారు. మూల టేబుల్ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

మేడమ్ కంప్యూటర్ అతని వైపు తిప్పింది. అతను అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

“ఈ పుస్తకాన్ని... ఎవరైనా నకలు తీయవచ్చు. ముద్రించి... అమ్ముకోవచ్చు. రాసినవారి పేరు ఉంచితే చాలు. ఎవరి అనుమతీ... అడగనక్కర్లేదు.”

మళ్ళీ చదివాడు.

“ఫోన్లో చదివితే కళ్ళు మండుతున్నాయట పిల్లలకి. కాగితం మీద కావాలంటున్నారు. మీ దగ్గరికే పంపిస్తాను,” అంది మేడమ్, అతని మొహంలోకి చూడకుండా. “ఇలాంటి పుస్తకాలు మిగతా సబ్జెక్టులకీ ఉన్నాయి. ఆ తెర తీసెయ్యండి. పోలీసులొస్తే రెండో పేజీ చూపించండి. ముందే చెప్పాల్సింది. పూర్తయ్యాక చెబుదామని...”

పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఇందాక తను వాగిందంతా అతనికి ఒక్కో ముక్కా గుర్తొచ్చింది. ఎవరో బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది. “వస్తాను మేడమ్,” అని మాత్రం అనగలిగాడు.

మధ్యాహ్నం తెర పీకేశాడు. దుమ్ముకి దగ్గొచ్చింది. వేడివేడిగా మెషీన్లోంచి వచ్చిన పుస్తకాల్ని మొదటిసారి బల్ల మీద, రోడ్డు మీది జనానికి కనబడేలా పేర్చాడు. ప్రతి కాపీలోనూ ఆవిడ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు. పిల్లలు మూగారు. న్యూస్‌పేపర్ చుట్టబోయి, అలవాటుపడ్డ చేతిని ఆపుకున్నాడు.

సాయంత్రం కాలేజీ వదిలారు. లెక్చరర్లు గేటు దాటుతున్నారు. అలవాటు కొద్దీ బల్ల కిందికి వంగాడు.

మేడమ్ రోజూ అవతలి ఫుట్‌పాత్ మీదే బస్టాపుకి వెళ్ళిపోతుంది. ఇటు మెడ కూడా తిప్పదు. ఇవాళ చెప్పుల చప్పుడు రోడ్డు దాటి ఇటే వచ్చింది. వెనకే బట్టతల సారు గొంతు.

“అటెక్కడికి మేడమ్? వాడితో మీకేం పని?”

చప్పుడు బల్ల ముందు ఆగింది. అతను ఇంకా కిందికి వంగాడు.

“ఈయన మావారు సార్,” అంది మేడమ్, “నాలాగే సిగ్గెక్కువ.”