మూడో చరణంలో తొందర

తన వేళ్లు తప్పినా గిటారు తప్పనప్పుడు, ప్రభువు వింటున్నది ఎవరి స్తుతి? ఏలీయాకు ఈ సందేహం ఏళ్లుగా ఉంది. బేస్ గిటార్లన్నిటికీ, తీగల కింద ఉండి తప్పుల్ని తామే దిద్దే పికప్‌లు వచ్చాక తెనాలి చర్చిలో అపస్వరమే లేదు. వేలు తడబడినా, తొందరపడినా పాట సరిగ్గానే పలికేది.

ఆ ఆదివారం ఆరాధన కాగానే అతను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బావ సామ్యేలు ఇంటికి వెళ్లాడు. అక్క సుగుణ పోయినప్పటి నుంచి బావ గిటారు ముట్టడం లేదు.

"ఇందులో మీ అక్క గుర్తు రావట్లేదురా. ఎవరో వాయిస్తున్నట్టుంది."

"వస్తుందిలే బావా, కాసేపు గమ్మునుండు."

ఏలీయా కొత్త పికప్ విప్పి, గుడ్డలో చుట్టి తెచ్చిన పాతదాన్ని అతికించాడు. అది సామ్యేలుదే. ఒక క్రిస్మస్ నాడు తన గిటారుది పాడైతే ఏలీయా అడిగి తీసుకెళ్లాడు. అంతలో కొత్తవి వచ్చాయి, ఇది ఇంట్లోనే ఉండిపోయింది.

సామ్యేలు తన పెళ్లిలో పాడిన కీర్తన అందుకున్నాడు. మూడో చరణంలో, వెనకటిలాగే, తాళం కంటే ముందు దూకాడు. అప్పట్లో చర్చిలో అక్కడికి రాగానే స్త్రీల వరుసలోంచి సుగుణ, ఆగమన్నట్టు, దగ్గేది. కొత్త పికప్ వచ్చాక ఆమెకు ఆ పని లేకపోయింది.

సామ్యేలు వేళ్లు ఆగిపోయాయి. దగ్గు వినబడుతుందేమోనన్నట్టు కాసేపు తల వంచి కూర్చున్నాడు. తరవాత తుండుతో కళ్లు తుడుచుకున్నాడు.

"అడిగి పట్టుకెళ్లిన సామాను ఇన్నాళ్లకు తెస్తావురా, దొంగ సచ్చినోడా!"

"తెచ్చాగా బావా," అన్నాడు ఏలీయా. "మళ్లీ మొదటినుంచి ఎత్తుకో."