తలుపు పక్క మంచం

గడ్డం గీసుకుందామని పెట్టె తీసిన డ్రైవరుకి రేజరు కనిపించలేదు.

"నిన్న నా కత్తెర, ఇవాళ నీ రేజరు," అన్నాడు దర్జీ. "రేపు మంచం కోళ్లు కూడా ఊడబీక్కుపోతారు."

"మీవీ ఓ పోవడమేనా? మా మామ పెట్టిన గడియారం పోయింది నాది," అన్నాడు బ్యాండులో డ్రమ్ము వాయించే అతను. వారం రోజులుగా ఆ గడియారం పేరు చెప్పి బ్యారక్ అంతా వినేలా శోకాలు పెడుతున్నాడు.

డ్రైవరు పెట్టె అడుగుదాకా కెలికాడు. రేజరు పోతే పోయింది. పుట్టబోయే బిడ్డకని కొన్న వెండి గిలక్కాయ కూడా లేదు.

ఇంటి దగ్గర భార్యకి నెలలు నిండాయి. తొలి కాన్పు. సోమవారం నుంచి అతనికి పది రోజుల సెలవు.

"పద, పెద్దాఫీసరుకి చెప్పేద్దాం," అని దర్జీ లేచాడు.

డ్రైవరు అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతా అన్నా. ఆ పని మాత్రం చెయ్యకు."

అక్కడ పద్ధతి అలాంటిది. దొంగతనం అని పుస్తకంలో ఎక్కిందా, దొంగ దొరికేదాకా ఆ బ్యారక్‌లో ఒక్కడికీ సెలవు ఉండదు. పోయినేడు ఎవరో దుప్పటి పోయిందని రాయిస్తే, నలభై మంది రెండు నెలలు గేటు దాటలేదు. దుప్పటీ దొరకలేదు.

"సరే, మనమే తేల్చుకుందాం," అన్నాడు డ్రమ్ము అతను. "ఈ గదిలో ఏదీ పోనివాడు ఎవడు?"

అందరి తలలూ తలుపు పక్క మంచం వైపు తిరిగాయి.

ఆ పెద్దాయన వేరే దళం నుంచి వచ్చి వారమైంది. చలిగాలి కొడుతుందని ఎవరూ కోరని మంచం ఆయన కోరి తీసుకున్నాడు. మాటలు తక్కువ. పెట్టెకి తాళం లేదు. డ్రమ్ము అతని గడియారం పోయింది కూడా ఆయన వచ్చిన మర్నాడే.

డ్రైవరు దగ్గరికి వెళ్లాడు. పెద్దాయన బూట్లు తుడుచుకుంటున్నాడు.

"పెట్టెకి తాళం వెయ్యరేం పెద్దాయనా?"

"లోపలేముందని బాబూ."

"అందరివీ పోతున్నాయి. మీది ఒక్కటీ పోలేదే?"

ఆయన చేతిలో బ్రష్ ఆగింది.

"నువ్వు వెళ్లేది సోమవారమేగా?" అన్నాడు.

"నా సెలవు గొడవ మీకెందుకు?"

"తొలి కాన్పు అంటున్నావుగా. పక్కనుండాలి. వెళ్లు."

అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు. ఎంత గడుసువాడు, నన్ను గేటు దాటించాలని చూస్తున్నాడు, అనుకున్నాడు డ్రైవరు.

పెట్టె వెతికారు. రెండు చొక్కాలు, అరిగిన సబ్బు, సూదీ దారం. అంతే.

"తీసినవాడు పెట్టెలో దాస్తాడా ఏంటి?" అని గొణిగాడు డ్రమ్ము అతను.

ఇక డ్రైవరే నోరు తెరిచాడు. "చూడండి, మీరిక్కడుంటే మాకు కంటి మీద కునుకు ఉండదు. పుస్తకంలో రాయించం. మీ అంతట మీరే ఇంకో చోటు అడిగి వెళ్లిపోండి."

"నిజంగా రాయించరుగా?"

"రాయించం."

"అయితే సరే."

దొంగయితే గొడవ పడాలి, దొర అయితే మరీ గొడవ పడాలి. ఈ మనిషి రెండూ చెయ్యలేదు. అదే డ్రైవరు బుర్రలో పురుగులా తొలిచింది. కానీ ఆలోచించే తీరిక ఏది? శనివారం పెద్దాయన ఎవరూ కోరుకోని కొండమీది కాపలా చోటుకి పరుపుచుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సోమవారం డ్రైవరు ఇంటికి వెళ్లాడు.

సమయానికే వెళ్లాడు. కాన్పు కష్టమైంది. ఆస్పత్రికి బండి తనే తోలాడు. ఇంకో గంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల. అచ్చం నాయనమ్మ ముక్కు.

సెలవు అయి తిరిగొచ్చిన మర్నాడు ఉన్నట్టుండి పెట్టిన కవాతులో డ్రమ్ము మోగలేదు. బొంతని బాదినట్టు బద్ బద్ మంది.

పెద్దాఫీసరు మొహం చిట్లించాడు. "దాని కడుపులో ఏముంది? తోలు విప్పండి."

విప్పారు. పాతగుడ్డల్లో చుట్టి రేజరు, కత్తెర, గిలక్కాయ, ఇంకా నాలుగైదు మూటలు. వాటితోపాటు మామగారి గడియారం.

"తన సొమ్ము తనే కొట్టేసుకున్న మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు వంటాయన. డ్రమ్ము అతన్ని తీసుకుపోయారు.

ఎవరి వస్తువు వాళ్లు ఏరుకున్నారు. అన్నిటికన్నా అడుగున ఒక తోలు పర్సు మిగిలింది. మాదంటూ ఎవరూ రాలేదు.

గుమాస్తా పర్సు తెరిచి, అందులో మడతపెట్టిన కాగితం చూసి నివ్వెరపోయాడు.

"ఇది ఆ తలుపు పక్క మంచం ఆయనకి, వచ్చిన రోజునే నేను రాసిచ్చిన సెలవు చీటీ. సోమవారం వెళ్లాల్సిన మనిషి శనివారం కొండెందుకు ఎక్కాడా అని అప్పుడే అనుకున్నా. చీటీ పోయిందని ఒక్క మాట చెప్తే ఇంకోటి ఇచ్చేవాణ్ణి కదా."

"ఊరికే ఇచ్చేస్తారా?" అన్నాడు డ్రైవరు.

"ఊరికే ఎలా ఇస్తానయ్యా? ముందు దొంగతనం అని పుస్తకంలో ఎక్కించాలి."

డ్రైవరు చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు.

తన సెలవు మొదలైన సోమవారం నుంచే పది రోజులని ఉంది, కారణం అన్నచోట 'తల్లి ఆఖరి చూపు' అని రాసి ఉంది.