గడువుకు ముందే

భార్య గౌను పక్కలు మూడోసారి లోపలికి కుట్టాడు దర్జీ. ఈసారి ఏకంగా చెరో అంగుళం. సంతోషం పట్టలేక ఈల వేశాడు.

సంతోషించడూ మరి! ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె తప్ప అతనికి ఎవరూ లేరు. ఇప్పుడు ఇంటి దగ్గరే మాత్రలు వాడుతోంది. తొంభై రెండు కిలోల మనిషి కాస్త బరువు తగ్గితే మంచిదని ఆసుపత్రిలో డైటీషియన్ చెప్పింది.

“ఉడికించిన కూరలు, గుడ్లు, పప్పు పెట్టండి. మైదా, చక్కెర వద్దు. వారానికి అరకిలో తగ్గితే చాలు. ప్రతి సోమవారం బరువు చూసి నాకు ఫోన్ చెయ్యండి. అంతకన్నా వేగంగా తగ్గితే మాత్రం వెంటనే తీసుకురావాలి.”

దర్జీ బుద్ధిగా తలూపాడు. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా? గడువుకు వారం ముందే బట్టలు కుట్టేసి, బీరువాలో దాచి, అడిగినవాళ్లకి “ఇంకా సగమే అయ్యిందండీ” అనడం అతని పద్ధతి. ఉన్నట్టుండి తీసి చేతిలో పెడితే వాళ్ల మొహాలు వెలిగిపోవాలి. అదో సరదా.

ఇక్కడా అదే చేశాడు. వంటగదికి తాళం వేసుకున్నాడు. తనే వండాడు, తూచి మరీ వడ్డించాడు. రెండు నెలల్లో పదమూడు కిలోలు తగ్గిందామె. సోమవారం ఫోన్‌లో మాత్రం “ఈ వారమూ అరకిలోనేనండీ” అని, ఫోన్ పెట్టేశాక పడీ పడీ నవ్వుకునేవాడు. మూడో నెల చెకప్‌కి భార్యని తీసుకెళ్లి నిలబెడితే డైటీషియన్ నోరు వెళ్లబెట్టాలి!

“ఒంట్లో అస్సలు ఓపిక ఉండట్లేదండీ. ఒకసారి ఆసుపత్రికి వెళ్దామా?” అంది భార్య.

“అంతా పాడుచేస్తావా ఏంటి? ఇంకొక్క నెల ఆగు. అంత కొవ్వు కరుగుతుంటే నీరసం రాదా మరి?”

ఆమె ఏదో చెప్పబోయింది. అతని మొహంలో మురిపెం చూసి ఆ మాట మింగేసింది.

ఆ సాయంత్రం, ఇంటి పక్క బేకరీ యజమాని ప్యాంటు కోసం కొట్టుకి వచ్చాడు. దర్జీ నోట్లో మాట ఆగలేదు.

“మీ వదినని చూశావట్రా? పదమూడు కిలోలు! ఈ రెండు నెలల్లో ఒక్క చక్కెర పలుకు ముట్టనిస్తే ఒట్టు. నీ బేకరీ గాలి కూడా సోకనివ్వలేదు. అంతా నా చేతి చలవే!”

బేకరీ యజమాని తెల్లబోయి చూశాడు.

“అదేంటన్నా, ఈ రెండు నెలలూ నువ్విటు కొట్టుకి రాగానే వదిన రోజూ మా దగ్గరికొచ్చి, అరడజను క్రీమ్ బన్నులు తినే వెళ్తోంది కదా!”